దొరసానిగారి అమ్మమ్మ ఊరు

మా ఆయన పోయిన ఏడాదికి నేను ఆబిడ్స్‌లో ఒక దొరసానిగారి ఇంట్లో వంటకి కుదిరాను. నాంపల్లి స్టేషన్ వెనక నేనూ మా పిల్లా ఉండే గది నుంచి ఆవిడ ఇంటికి నడిచే పోయేదాన్ని. ఈ సంగతి తెలిసి మా అత్తగారి వైపు వాళ్లు గుడివాడ నుంచి కబురు పెట్టారు, కిరస్తానపు ఇంట్లో గిన్నెలు తోముకుని బతికే కంటే ఇక్కడికొచ్చి ఓ మూల పడి ఉండమని. మూలన పడి ఉండటానికి నేనేమైనా చీపురునా? వెళ్లలేదు. ఆంధ్రా, తెలంగాణా కలిసిన ఏడాది కర్నూలు నుంచి ఆఫీసు బీరువాలతో పాటు మమ్మల్ని కూడా లారీ ఎక్కించి ఈ ఊరు తెచ్చింది మా ఆయన బంట్రోతు ఉద్యోగం. ఆయన ఈ మట్టిలోనే కలిశాడు. నాకూ ఇదే ఊరనుకున్నాను.

దొరసానిగారిది నార్వే దేశం. అలా అంటే ఆవిడే నవ్వేది. పుట్టింది గోదావరి పక్కన ఒక పల్లెలో. అమ్మా నాన్నా అక్కడ రోగులకి సేవ చేయడానికి వచ్చి, అక్కడే పోయారు. చిన్నప్పుడెప్పుడో ఓడెక్కి ఆ దేశం వెళ్లి, వాళ్లమ్మ పుట్టిన రేవు ఊళ్లో కొన్నాళ్లుండి వచ్చిందట, అమ్మమ్మ అప్పటికే లేదు. అంతే. మాట మన గోదావరి మాటే. గోంగూర పచ్చడిలో వెల్లుల్లి తక్కువైతే కనిపెట్టేసేది. మొహం మాత్రం సున్నం కొట్టిన గోడలా తెల్లగా, ఎండకి చెంపలు కందిపోయి ఉండేది. పక్కనే ఉన్న ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేది. ఇల్లు బడి వాళ్లదే.

ఆ బడిలో ఆవిడ ఉద్యోగం ముగిసే రోజు దగ్గర పడింది. వయసైపోయింది, ఇంక దిగిపోవాలి, ఇల్లు ఖాళీ చేయాలి. ఎక్కడికి పోవాలి? అన్నదమ్ములు లేరు, పెళ్లి లేదు. ఆవిడ తల్లిదండ్రుల్ని పంపించినవాళ్లు ఆ దేశపు పట్నంలో ముసలాళ్ల కోసం ఒక ఇల్లు కట్టారట, అక్కడ మంచం ఇస్తామన్నారు. ఆ మాట చెప్పిన రోజు ఆవిడ చారన్నం కలిపి తినకుండానే లేచిపోయింది.

"నాకు తెలిసిన మొహం ఒక్కటైనా ఉండదక్కడ" అంది.

"మరి మీ వాళ్లెవరూ లేరా అమ్మగారూ, దూరపు చుట్టాలైనా?"

"అమ్మమ్మ ఊరొకటి ఉండాలి" అంది. "సరిగ్గా ఎక్కడో తెలియదు."

అమ్మమ్మ ఊరు తెలియని మనిషిని నేను అప్పుడే చూశాను.

అమ్మమ్మ పేరు కాక వాళ్లమ్మ చెప్పిన గుర్తులు రెండే. అమ్మమ్మ ఫలానా పేటలో ఒక సేద్యపు ఇంట్లో పుట్టింది, ఆ పొలం పేరు ఫలానా. ఆ దేశంలో పొలానికి పేరుంటుంది. ఆ పొలంలో ఉన్నవాళ్లకి అదే ఇంటిపేరు. ఈ పొలం వదిలి ఇంకో పొలానికి పోతే ఇంటిపేరు కూడా మారిపోతుంది. ఆడపిల్లకయితే తండ్రి పేరు చెప్పి 'ఫలానావాడి కూతురు' అంటారు, సరిపోయింది. ఇది విని నేను నోరు నొక్కుకున్నాను. అలాగైతే మా ఇంటిపేరు ఈపాటికి నాంపల్లి అయ్యుండేది.

ఆ పేటలో చర్చి ఉంది, చర్చిలో పుస్తకాలున్నాయి. పుట్టినవాళ్లని, పెళ్లయినవాళ్లని, పోయినవాళ్లని, ఊళ్లోకి వచ్చినవాళ్లని, ఊరు విడిచి వెళ్లినవాళ్లని, అందర్నీ పాదిరిగారు రాసిపెట్టేవాడట, వందల ఏళ్లుగా. ఆ పుస్తకాలు చదివి కావలసినవి ఎత్తిరాసి పంపడానికి దొరసానిగారికి ఒక పెద్దాయన దొరికాడు. ఆ ఊరి బడిలో పంతులుగా చేసి మానుకున్నాడు. ఏం అడిగితే అది పంపేవాడు, ఒక్క ముక్క ఎక్కువ రాసేవాడు కాదు. ఉత్తరం వచ్చిన రోజు ఆవిడ బడి నుంచి వస్తూనే చెప్పులు విప్పకుండా చదువుకునేది. భోజనాల బల్ల మీద పెద్ద అట్టకాగితం పరిచి పేర్లు రాసి గీతలు గీసేది. ఫ్యాను గాలికి కాగితం లేవకుండా నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టేదాన్ని. కందిపప్పు కావలసి వచ్చిందంటే వాళ్ల పూర్వీకులంతా చుట్టుకుపోయేవాళ్లు.

మా ఇంటి ఓనరమ్మ పాత హైదరాబాదు మనిషి. అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తూ నన్ను రోజూ ఆటపట్టించేది.

"ఏందే, నీ దొరసాని తాతల ముచ్చట ఒడిసిందా?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

"మా తాత ఎవడో నాకే ఎర్క లేదు, సల్లగున్న. గామె సముద్రం అవుతల దాకా దేవులాడుతున్నది. దొరికినంక ఏం జేస్తదట?"

"అక్కడికి పోయి ఉంటుందట."

"గట్లనా" అని అడకత్తెర ఆపింది. "మరి నువ్వేడికి పోతవ్?"

నేను లోపలికి పోయి పొయ్యి వెలిగించాను.

ఆ పొలం పేరుతో ఆ పేటలో రెండు పొలాలున్నాయని పంతులాయన రాశాడు. కొండవాలున ఉన్నది పైపొలం, చెరువు పక్కనున్నది కిందిపొలం. కిందిపొలం ఏనాడో చేతులు మారింది, పాతవాళ్లు ఎవరూ లేరు. పైపొలంలో మాత్రం ముసలి అక్కాతమ్ముడు ఉన్నారు. ఇద్దరికీ పెళ్లిళ్లు లేవు. దొరసానిగారు వాళ్లకి ఉత్తరం రాసింది. ముసలామె జవాబిచ్చింది. దాన్ని నాకు తెలుగు చేసి చదివి వినిపించింది దొరసానిగారు.

"నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు నల్ల గుడ్డ తలకి చుట్టుకుని రేవు ఊరి నుంచి ఒకావిడ వచ్చేది. చక్కెర ముక్క పెట్టేది. మా అత్త అనేవాళ్లు. ఆవిడ మీ అమ్మమ్మో, కిందిపొలం వాళ్లలో ఎవరో నాకు తెలియదు, అందర్నీ అత్తా అనే పిలిచేవాళ్లం. మా మనిషివే అయితే రా. మేడ మీద గది ఉంది. కిటికీలోంచి పొలమంతా కనపడుతుంది."

"ఇంకేం, వెళ్లిపోండి" అన్నాను.

"ఎలా వెళతాను? వాళ్ల మనిషిని కాకపోతే? ఎవరో ఏమిటో తేలకుండా ముసలాళ్ల నెత్తికెక్కి కూర్చోనా? మీ ఊళ్లో అయితే నువ్వు కూర్చుంటావా?"

కూర్చోను. అయినవాళ్లు రమ్మంటేనే పోనిదాన్ని.

పంతులాయన తర్వాతి ఉత్తరంలో వచ్చింది పైపొలం పిల్ల. ఫలానావాడి కూతురు, ఫలానా పేరు, బాప్తిస్మం ఇచ్చినట్టు. పేరు సరిగ్గా అమ్మమ్మ పేరే. దొరసానిగారు నన్ను రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. ఆ పూట పరమాన్నం వండమంది. ఇద్దరం వంటింటి గడప మీద కూర్చుని తిన్నాం.

పరమాన్నం అరిగిందో లేదో, ఇంకో ఉత్తరం వచ్చింది. అదే పిల్ల, అదే తండ్రి, పోయినవాళ్ల పుస్తకంలో ఉంది. పట్టుమని ఏడాది నిండలేదు.

ఆవిడ అట్టకాగితం ముందు చాలాసేపు కూర్చుంది. నేను కింద కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను.

"ఏమమ్మా" అంది. "పిల్ల పోయాక ఇంకో పిల్ల పుడితే, పోయిన పిల్ల పేరు దానికి పెడతారా?"

"ఎవరు పెడతారమ్మగారూ" అన్నాను. కత్తిపీట ఆపలేదు. "పోయినదాన్ని కేకేసి పిలిచినట్టు కాదూ? ఉన్నది కూడా దాని వెనకాలే పోతుంది. తాతల పేర్లు పెట్టుకుంటారు, నిండుగా బతికి పోయినవాళ్లు కనుక. పసిగుడ్డు పేరు ఎవరైనా పెడతారా? మా అమ్మకి ఇద్దరు పోయారు నాకు ముందు. నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటావిడ చేత చాటలో తెప్పించి, ఇన్ని నూకలిచ్చి కొనుక్కున్నట్టు కొనుక్కుంది. పేరు కూడా చావుకి అసహ్యం పుట్టేలాంటిదే పెట్టింది."

"అవును" అంది ఆవిడ. "గోదావరి వైపు నేను చూసిందీ అదే. మా ఆయా కొడుక్కి కూడా ముక్కు కుట్టించి అలాంటి పేరే పెట్టారు."

బడిలో తెలుగు పంతులమ్మని కూడా అడిగిందట. ఆవిడా చెవులు మూసుకుందట. ఇక అనుమానం లేకపోయింది. పైపొలం పిల్ల పోయింది, అమ్మమ్మ ఆ పిల్ల కాదు, కిందిపొలం మనిషై ఉంటుంది. కిందిపొలంలో ఇప్పుడు ఎవరో కొనుక్కున్నవాళ్లున్నారు. నార్వే పంతుల్ని ఈ ముక్క అడగాలని ఆవిడకి తోచనే లేదు. తెలిసిన సంగతిని ఎవరు అడుగుతారు? పుట్టి పెరిగింది మన మధ్యన. ఆవిడ బుర్ర కూడా మనలాగే నడిచింది.

పైపొలం ముసలామెకి ఉత్తరం రాసింది, మన్నించండి, నేను మీ మనిషిని కానని. ముసలాళ్ల ఇంటికి ఇంకో ఉత్తరం రాసింది, మంచం ఉంచండి, వస్తానని. రెండూ పెద్ద పోస్టాఫీసులో తనే వేసి వచ్చింది. అట్టకాగితం చుట్టి అటక మీద పెట్టించింది. బల్ల ఖాళీ అయింది. చలికాలం వచ్చింది, నాంపల్లిలో ఎగ్జిబిషన్ పెట్టారు. మా పిల్లతో పాటు చూసొద్దాం రమ్మన్నా రాలేదావిడ.

ఎండలు మొదలయ్యాక, అడగని కాగితం ఒకటి వచ్చింది. ఒక్క ముక్క ఎక్కువ రాయని పంతులాయనకి ఏం తోచిందో, పాత జనాభా లెక్కల్లో పైపొలం ఇంటిని మొత్తం ఎత్తిరాసి పంపాడు. మన ఇంటి ముందుకి పదేళ్లకోసారి వస్తారే, అటువంటి లెక్కే. ఇంటి యజమాని, భార్య, కొడుకులు, కూతుళ్లు, పాలేరు, ఒక్కొక్కరి వయసు. వాళ్ల కింద గొడ్లు, గొర్రెలు, మేకలు. నాటిన బంగాళాదుంప విత్తనం ఎంతో కూడా రాసుకున్నారు.

"మేకల్ని కూడా రాశారా" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. వేలు ఒక చోట పెట్టి ఆగిపోయింది.

"ఈ పిల్ల చచ్చిపోయింది కదా" అంది.

అదే పేరు. ఆ ఇంట్లోనే. వయసు పదకొండు. ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టింది. పోయిన పిల్ల బతికి ఉంటే పదమూడు ఉండాలి. మళ్లీ లెక్కపెట్టింది. అటక మీద నుంచి అట్టకాగితం దించమంది. దుమ్ము దులపకుండానే పరిచింది. నేను పప్పు డబ్బాలు తెచ్చేలోపే చేతులతో అదిమిపెట్టుకుని దాని మీద వంగిపోయింది.

ఆ సాయంత్రమే పంతులాయనకి రాసింది. జవాబు వచ్చేదాకా మనిషి మనిషిలో లేదు. వచ్చాక నాకు చదివింది. ఇప్పటికీ నా చెవిలో ఉంది ఆ ముక్క.

"రెండో పిల్ల బాప్తిస్మం మరో పేజీలో ఉంది. మీకు తెలుసనుకున్నాను. ఇక్కడ అందరూ చేసేదే. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టి ఆ పేరుని లేపుతారు. లేపకపోతే ఆ పేరు ఆ ఇంట్లో లేకుండా పోతుంది, బిడ్డ రెండుసార్లు పోయినట్టు."

మా అమ్మగారు లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. పైపొలం మనిషే. అమ్మమ్మ ఊరు దొరికింది. అంతలో కాగితం తిప్పితే వెనక ఇంకో రెండు వరుసలున్నాయి. పైపొలం అక్కగారు మొన్న మంచుకాలంలో పోయిందని, తమ్ముడు ఒక్కడే ఉన్నాడని.

"అమ్మమ్మ మొహం చూసిన మనిషి ఆవిడొక్కతే" అంది. "మీ మనిషిని కానని రాశాను ఆవిడకి. అది చదువుకునే పోయింది."

నేను కాఫీ కలిపి తెచ్చాను. అది బల్ల మీదే చల్లారిపోయింది.

ఆ రోజు నేను ఇంటికి తిన్నగా పోలేదు. పబ్లిక్ గార్డెన్‌లో బెంచీ మీద కూర్చున్నాను. దారిన పోయేవాళ్లు చూస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ కోసం ఏడ్చాననుకుంటారు. కాదు.

ఈ ఊరొచ్చిన మొదటి వానాకాలం మా పెద్దపిల్ల జ్వరంతో పోయింది. అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. తర్వాత రెండోది పుట్టింది, ఇప్పుడున్న పిల్ల. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి మా ఆయన ముందు పెట్టారు, ఉంగరంతో పేరు రాయమని. ఆయన రాశాడు. నాకు అక్షరాలు రావు. నాకు చదవడం వచ్చిన మాట ఒకే ఒక్కటి, మా పెద్దదాని పేరు. అది పుట్టినప్పుడు ఆయనే నేల మీద సుద్దతో రాసి నేర్పాడు. ఆ బియ్యంలో ఉన్నది ఆ మాటే. ఎవరూ చూడకముందే అరచేత్తో చెరిపేశాను. ఆయన నావంక చూశాడు. పురోహితుడు చెప్పిన ఇంకో పేరు రాశాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ మా ఇద్దరి మధ్యా ఆ పేరు రాలేదు.

బెండకాయలు తరుగుతూ అమ్మగారికి నేను చెప్పింది లోకం మాటే. నేను చెరిపింది తప్పని ఈనాటికీ అనను. మళ్లీ ఆ రోజొచ్చినా నా చెయ్యి ఆగదేమో. కానీ ఆయన ఆ పేరు రాస్తున్నప్పుడు నేననుకున్నట్టు చావుని పిలవడం లేదు. పిల్లని ఇంట్లో ఉంచుకోవాలని చూస్తున్నాడు. ఎక్కడో మంచుకొండల్లో సేద్యం చేసుకునేవాళ్లు అనుకున్నదే నాంపల్లి గదిలో ఆయనా అనుకున్నాడు. అది ఆయన్ని అడగాలనిపించింది. అడగడానికి మనిషి ఎక్కడున్నాడు. బెంచీ మీద కూర్చుని ఆయన చెయ్యి ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకున్నాను. ఉంగరం వేలు కొద్దిగా వంకర.

పైపొలం తమ్ముడుగారు దొరసానిగారి ఉత్తరానికి మూడే మాటలు రాశాడు: గది ఖాళీగానే ఉంది. వానలు మొదలవ్వకముందే ఆవిడ బయల్దేరింది. నాంపల్లి స్టేషన్‌లో బొంబాయి బండి ఎక్కించాను. ఓనరమ్మ కూడా వచ్చింది, చేతిలో సకినాల డబ్బాతో.

"గాడ సలి ఎక్కువనట గదమ్మా, జర పైలంగుండు" అంది. బండి కదిలాక నాతో అంది, "ఫికర్ జెయ్యకు. ఆమెకు ఆమె ఇల్లు దొరికె. నీకేం తక్కువ, పిల్లున్నది."

పిల్ల ఉంది. ఎదిగింది. హైదరాబాదు మాటలు నేర్చి నన్నే దిద్దడం మొదలుపెట్టింది. బషీర్‌బాగ్‌లో ఇంకో ఇంట్లో వంటకి చేరాను. చాన్నాళ్లకి దొరసానిగారి ఉత్తరం వచ్చింది, పలక మీద పిల్లలు రాసినట్టు పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో. మా అమ్మాయి వాకిట్లో మెట్టు మీద కూర్చుని చదివింది.

"నేను బాగున్నాను. ఇంటాయన రోజుకి పది మాటలైనా మాట్లాడడు. పాలు పితకడం వచ్చా అని అడిగాడు. గోదావరి గేదెల్ని పితికానంటే నమ్మలేదు. ఆదివారం చర్చి పక్క శ్మశానానికి తీసుకెళ్లాడు. ఇక్కడ కొన్నేళ్లకి గుర్తులు తీసేసి అక్కడే ఇంకొకరిని పెడతారు. అందుకని ఆ పసిపిల్లకి రాయి లేదు, కొయ్య లేదు. గడ్డిలో ఒక చోట నిలబడి ఇక్కడెక్కడో అన్నాడు. ఇక్కడ నన్నెవరూ దొరసాని అనరు. పైపొలం పిల్ల అంటారు. అరవై దాటాక పిల్లనయ్యాను. అక్కగారి గదిలోనే పడుకుంటున్నాను. ఆవిడని అడగవలసినవి రోజుకొకటి గుర్తొస్తున్నాయి."

మా అమ్మాయి కాగితం మడిచింది. "పసిపిల్ల ఎవరమ్మా?" అంది.

చెప్పాను. పోయిన పిల్ల పేరు తర్వాతి పిల్లకి పెట్టే సంగతి చెప్పాను. చెబుతూ చెబుతూ ఆగలేకపోయాను.

"నీకూ అలాగే పెట్టాలని చూశాడు మీ నాన్న. మీ అక్క పేరు."

"నాకో అక్క ఉండెనా?"

"ఉండేది."

అది మెట్టు మీద నా పక్కకి జరిగింది. తర్వాత మెల్లిగా అడిగింది, "ఏం పేరమ్మా?"

చెప్పాను. ఇక్కడ రాయించను. అది మా ఇంటి మాట.

అది ఆ పేరు ఒకసారి అని చూసింది. పుల్లటి పండు కొరికి చూసినట్టు మొహం పెట్టి ఇంకోసారి అంది. "మంచిగనే ఉండె గదా" అంది. "నా పేరుకంటె అననీకి అల్కగున్నది."

లోపల్నుంచి ఓనరమ్మ కేకేసింది, నల్లా వచ్చింది, జల్ది రాండ్రని. మా అమ్మాయి ఉత్తరం నా ఒళ్లో పెట్టి బిందె తీసుకుంది. వాకిలి దాటుతూ కూడా ఆ పేరే పైకి అనుకుంటూ పోయింది. వినపడినంత దూరం విన్నాను.